పెద్దవారికి మళ్ళీ మళ్ళీ రక్తపరీక్ష ఎందుకు?

"నిన్ననే రక్తం తీశారు కదా సిస్టర్, మళ్ళీ ఎందుకు?" అని వార్డులో చాలామంది అడుగుతుంటారు. కోవిడ్ వంటి వైరస్ జబ్బుతో చేరిన వృద్ధులకు ఒక్కోసారి జ్వరమే కనిపించదు. అందుకే ఊపిరి, ఆక్సిజన్‌తో పాటు రక్తాన్నీ గమనిస్తాం.

ముఖ్యంగా మూడు చూస్తాం.

సి.ఆర్.పి.: ఒంట్లో వాపు పెరిగితే కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది.

లింఫోసైట్లు: వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు. ఇవి బాగా తగ్గితే జాగ్రత్తపడాలి.

డి-డైమర్: రక్తపు గడ్డలు కరిగేటప్పుడు వచ్చే పదార్థం. 2020లో చైనాలోని వూహాన్‌లో 191 మంది కోవిడ్ రోగులను పరిశీలించగా, వయసు పైబడినవారికి, చేరేనాటికే డి-డైమర్ 1 మైక్రోగ్రాము దాటినవారికి ప్రాణాపాయం ఎక్కువని తేలింది.

అయితే ఒక్క అంకె చూసి భయపడవద్దు. వయసుతో డి-డైమర్ సహజంగానే కొంత పెరుగుతుంది. నిన్నటికంటే ఈరోజు పెరిగిందా, తగ్గిందా అన్నదే ముఖ్యం. మళ్ళీ తీసేది అందుకే. ఒక్కో ట్యూబుకు కొద్ది మిల్లీలీటర్లు చాలు. ఒంట్లో ఉండే రక్తం లీటర్లలో ఉంటుంది.

రిపోర్టు చూసి సొంతంగా స్టెరాయిడ్లు, రక్తం పలుచబడే మాత్రలు వాడకండి. ఇంట్లో పెద్దవారికి ఆయాసం, మగత, తికమక మాటలు కనిపించినా, తిండి మానేసినా వెంటనే తీసుకురండి. పోల్చి చూడటానికి పాత రిపోర్టులు, వాడుతున్న మందులు తప్పక వెంట తెండి.