అంబులెన్సులలో బాలల అత్యవసర వైద్య సంసిద్ధత

ప్రమాదానికి గురైన లేదా తీవ్ర అనారోగ్యంతో ఉన్న పిల్లలకు ఆసుపత్రికి చేరేలోపు సరైన చికిత్స అందించుటకు అంబులెన్సు సేవలు ముందుగా చేసుకొనే ఏర్పాట్లను బాలల అత్యవసర వైద్య సంసిద్ధత అంటారు. ఈ భావన అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1980వ దశకము నుండి క్రమంగా రూపుదిద్దుకున్నది.

ఆవశ్యకత

పిల్లల శరీరము పెద్దల శరీరానికి చిన్న నమూనా కాదు. పసిపిల్లల శ్వాసమార్గము ఇరుకుగా ఉండుట వలన కొద్దిపాటి వాపు కూడా ఊపిరికి అడ్డుపడగలదు. పెద్దలలో గుండె ఆగుటకు తరచుగా గుండెజబ్బు కారణము కాగా, పిల్లలలో ఎక్కువగా శ్వాస విఫలమైన తరువాత గుండె ఆగుతుంది. పిల్లలలో కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తము ఉంటుంది. అనగా 10 కిలోల బిడ్డ 200 మిల్లీలీటర్లు కోల్పోతే నాలుగవ వంతు రక్తము పోయినట్లే. అయినను రక్తపోటు చాలాసేపటి వరకు పడిపోకపోవచ్చు. కనుక దానినొక్కదానినే నమ్మితే అపాయాన్ని ఆలస్యంగా గుర్తించే ప్రమాదమున్నది.

అంబులెన్సుకు వచ్చే పిలుపులలో పిల్లలవి తక్కువ. వారిలో ప్రాణాపాయ స్థితిలో ఉండేవారు ఇంకా తక్కువ. అందువలన సిబ్బంది నేర్చిన నైపుణ్యము వాడుక లేక మరుగున పడుతుంది. సంసిద్ధతలోని అసలు సమస్య ఇదే.

చరిత్ర

అమెరికాలో 1973 నాటి చట్టముతో విస్తరించిన అత్యవసర వైద్య వ్యవస్థ ప్రధానంగా పెద్దల గుండెపోటు, గాయాలను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినది. హవాయికి చెందిన బాలవైద్యుడు కాల్విన్ సియా, సెనేటర్ డేనియల్ ఇనౌయే తదితరుల కృషితో 1984లో బాలల అత్యవసర వైద్య సేవల కార్యక్రమానికి చట్టరూపము లభించినది. 2020లో అమెరికా బాలవైద్యుల అకాడమీతో సహా 5 వృత్తి సంఘాలు అంబులెన్సు సేవల సంసిద్ధతపై ఉమ్మడి ప్రకటన వెలువరించాయి.

ముఖ్యాంశాలు

సమన్వయకర్త: పిల్లల చికిత్సకు సంబంధించిన శిక్షణ, పరికరాలు, నియమావళిని చూచుకొనుటకు ప్రతి సేవలోను ఒక బాధ్యుడు ఉండవలెను.

సాధన: పిల్లల పరికరాలను సిబ్బంది తమ చేతులతో వాడి చూపించాలి. పై రెండు అంశాలను అమెరికా కార్యక్రమము 2017లో తన కొలమానాలలో చేర్చినది.

మోతాదులు: గుండె ఆగినపుడు పెద్దలకు 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇస్తే, 10 కిలోల బిడ్డకు 0.1 మిల్లీగ్రాము ఇస్తారు. దశాంశ బిందువు ఒక్క స్థానము తప్పితే మోతాదు పది రెట్లు మారుతుంది. బిడ్డ పొడవును కొలిచి బరువును అంచనా వేసే రంగుల బ్రోస్లో టేపు ఈ లెక్కను సులభము చేస్తుంది.

శ్వాస: లాస్ ఏంజలెస్, ఆరెంజ్ కౌంటీలలో 830 మంది పిల్లలపై జరిపిన అధ్యయనము 2000లో ప్రచురితమైనది. ఆసుపత్రికి చేరేలోపు శ్వాసనాళములో గొట్టము వేయుట వలన, మాస్కు, సంచితో గాలి అందించుట కంటే మెరుగైన ఫలితాలు రాలేదని అందులో తేలినది. సరళమైన పద్ధతిని చక్కగా సాధన చేయుట ముఖ్యమని దీని సారాంశము.

తెలుగు రాష్ట్రాలలో

108 అంబులెన్సు సేవ 2005 ఆగష్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. 2020 జూలైలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ప్రవేశపెట్టిన కొత్త వాహనాలలో 26 నవజాత శిశువుల కొరకు ఉద్దేశించినవి. ఇటువంటి ప్రత్యేక వాహనాలు శిశువులను తరలించుటకు ఉపయోగపడతాయి. కాని నీట మునిగిన బాలుని కొరకో, మూర్ఛ వచ్చిన పాప కొరకో పిలుపు వచ్చినపుడు సాధారణంగా దగ్గరలో ఉన్న వాహనమే బయలుదేరుతుంది. అందుచేత ఈ సంసిద్ధత ప్రతి అంబులెన్సుకును అవసరము.