ఇల్లు అమ్ముతున్నారా..? రంగులు వేయించే ముందు ఈ పనులు చూసుకోండి!

ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకోగానే చాలామంది ముందు పెయింటర్‌నే పిలుస్తారు. కానీ ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్లలో కొనేవాళ్లు రంగు చూసి బేరం కుదుర్చుకోరు. స్లాబ్ కారుతోందా? బోరులో నీళ్లున్నాయా? కాగితాలు సరిగ్గా ఉన్నాయా? ఇవే అడుగుతారు. వీటిలో ఏ ఒక్కదానికి జవాబు తడబడినా రేటు తగ్గించేస్తారు. అందుకే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో తెలుసుకుందాం.

తాళం వేసిన ఇల్లయితే..

పని కోసం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వెళ్లి, ఊళ్లో ఇంటికి తాళం వేసిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంటిని చూపించే ముందు తలుపులు, కిటికీలు తీసి నాలుగు రోజులు గాలి తగలనివ్వండి. బూజు దులిపించండి. పెరట్లో కంప కొట్టించండి. పాత మంచాలు, విరిగిన కుర్చీలు, ఖాళీ డ్రమ్ములు తీసేస్తే అదే గది పెద్దగా కనిపిస్తుంది. కారే కుళాయి, వెలగని లైటు, పడని గడియ.. ఇవన్నీ చిన్న ఖర్చులే. బాత్రూమ్ మాత్రం తప్పకుండా కడిగించాలి.

చెమ్మ మీద రంగు వద్దు

నెల్లూరు జిల్లాలో ఎక్కువ వానలు అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడతాయి. స్లాబ్ పగుళ్లుంటే అంతకుముందే మేస్త్రీతో బాగుచేయించండి. గోడ బాగా ఆరాకే రంగు వేయించండి. లేదంటే కొన్నాళ్లకే పొక్కులు లేస్తాయి. పైగా లోపాన్ని దాస్తే చట్టంతో చిక్కే. కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపం మీకు తెలిసుంటే ముందే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 చెబుతోంది.

నీళ్ల రిపోర్టు చేతిలో ఉంటే..

ఉదయగిరి వైపు కొన్ని గ్రామాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. మోటారు కూడా వేసి చూపించండి.

కాగితాలు ఒకే ఫైల్‌లో..

లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒకచోట పెట్టండి. ఇల్లు ఇంకా నాన్న, తాత పేరు మీదే ఉంటే ముందు వారసులంతా కూర్చుని మాట్లాడుకోవాలి. చివరి రోజు ఒకరు సంతకం పెట్టనంటే బేరం పోతుంది. గ్రామకంఠంలోని ఇల్లయితే, 2020లో మొదలైన స్వామిత్వ సర్వే మీ ఊళ్లో పూర్తయిందా, ప్రాపర్టీ కార్డు వచ్చిందా కనుక్కోండి. స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. అది కూడా ముందే చూసుకోండి.

ఇవన్నీ అయ్యాకే లేత రంగు ఒక కోటు వేయించండి. పొద్దున వెలుతురులో వీధి నుంచి పెరటి దాకా ఆపకుండా ఒక వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి. దూరంగా ఉన్నవాళ్లు ముందు అదే చూసి, రావాలా వద్దా అనుకుంటారు.