మీకు తెలుసా? ట్యాంకర్ రాగానే ముందు తగిలించేది గొట్టం కాదు

పెట్రోల్ బంకుకు ట్యాంకర్ వచ్చి ఇంజిన్ ఆపాక, గొట్టం కంటే ముందు ఎర్తింగ్ తీగ తగిలించాలి. దారి పొడవునా ట్యాంకులో ఊగే ఇంధనం, గొట్టంలో పారే ఇంధనం స్థిర విద్యుత్తును పోగేస్తాయి. అది నేలలోకి పోయే దారి లేకపోతే చిన్న రవ్వ చాలు. మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మన ఎండల్లో ఇక చెప్పాలా! అందుకే క్లిప్పు రంగు మీదో తుప్పు మీదో కాకుండా, శుభ్రమైన లోహాన్ని గట్టిగా పట్టుకోవాలి.

ఆ తర్వాత ఇంధనం కుదుటపడేదాకా కాసేపు ఆగుతారు. ఈ ఆగడం చాలా ముఖ్యం, తొందరపెట్టకూడదు. భూగర్భ ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో డిప్ రాడ్‌తో చూస్తారు. రాడ్ కొసకు పూసిన పేస్టు రంగు మారితే అడుగున నీళ్లున్నట్టే.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేలబారుగా పాకి గుంతల్లో, కాలువల్లో చేరుతుంది. నిప్పు దూరంగా ఉన్నా ప్రమాదమే. పని ముగిశాక ముందు గొట్టం విప్పాలి, ఎర్తింగ్ తీగను అన్నిటికంటే చివర తీయాలి.

ట్యాంకర్ మీది పలకపై 1203 ఉంటే పెట్రోలు, 1075 ఉంటే ఎల్పీజీ. ఎక్కడైనా ట్యాంకర్ బోల్తా పడితే ఇంధనం పట్టుకోవడానికి దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచే ఆ అంకె కనిపిస్తే, 101కు ఫోన్ చేసి చెప్పండి.