అరికాళ్ళ మంటకు పొడి డబ్బానా, రక్తపరీక్షా?

బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మన వాళ్ళకు నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి మామూలైపోయాయి. చేలల్లో రోజంతా వంగి కలుపు తీసే ఆడవాళ్ళదీ అదే బాధ. కొందరికి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం అదనం. వీటన్నిటికీ ఒకటే మందని, 'ప్రకృతి సిద్ధం, సైడ్ ఎఫెక్టులు లేవు' అని పొడులు, క్యాప్సూళ్ళు అమ్ముతున్నారు. ఒక డబ్బా కొంటే కొన్ని రోజుల కూలి పోతుంది. అందుకే ఈ విషయం మాట్లాడుకుందాం.

నొప్పులన్నీ ఒకటి కావు

బరువులు మోస్తే వచ్చే కీళ్ళ నొప్పి వేరు, నరం దెబ్బతింటే వచ్చే మంట వేరు. నరాలు దెబ్బతినడానికి షుగర్, మద్యం, కుష్ఠు, విటమిన్ బి12 లోపం ముఖ్య కారణాలు. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడినా బి12 తగ్గవచ్చు. కారణం తెలియకుండా పొడి మింగితే, లోపల నరం దెబ్బతింటూనే ఉంటుంది.

బి12, మన పళ్ళెం

రాగి సంగటి, జొన్న రొట్టె, ఉలవలు, బుడ్డలు మంచి తిండే. కానీ వాటిలో బి12 ఉండదు. అది మాంసం, కార్జం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది. పెద్దకూర మనకు తక్కువ ధరకు దొరికే బి12. దాన్ని అంటరాని తిండిగా చూసిన సమాజమే ఇవాళ మనకు 'సహజ' పోషకాల డబ్బాలు అమ్ముతోంది. స్పిరులినాలో బి12 ఉందంటారు గానీ, అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికొచ్చే రకం కాదు.

సహజమైతే హాని లేదా?

కూరలో వేసే పసుపుతో భయం లేదు. పసుపు సారం క్యాప్సూళ్ళు మోకాళ్ళ నొప్పికి కొంత ఉపశమనం ఇస్తాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. వాటితోనే కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. నరాల బలానికని బి6 మోతాదు మించి నెలల తరబడి తింటే అదే తిమ్మిర్లు తెస్తుంది. 2022లో అమెరికా ఔషధ సంస్థ 'ఆర్ట్రి కింగ్' అనే కీళ్ళ నొప్పుల సప్లిమెంట్‌ను పరీక్షిస్తే, లేబుల్ మీద లేని స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ బయటపడ్డాయి. ఏ పొడితోనైనా రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. చాలాకాలం వాడినవాళ్ళు ఉన్నపళంగా మానడమూ ప్రమాదమే. డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

చట్టం ఏమంటోంది

షుగర్, కీళ్ళవాతం, నరాల జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆహార సప్లిమెంట్ల లేబుల్ మీద 'వైద్యానికి వాడేది కాదు' అని రాయాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అలాంటి ప్రకటన కనిపిస్తే ఫొటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

అడగాల్సింది

పీహెచ్‌సీలో షుగర్ పరీక్ష చేయమనండి. చర్మంపై స్పర్శ లేని మచ్చలుంటే చూపించండి. కుష్ఠుకు మందులు ఉచితం. బి12 పరీక్ష, మాత్రలు, ఇంజెక్షన్లు మండల స్థాయిలోనే అందాలని, అంగన్‌వాడీ, బడి భోజనంలో గుడ్డు ఆగకూడదని మనం పట్టుబట్టాలి. గనుల్లో బండలెత్తే యంత్రాలు, విరామం లేకుండా ఏ మాత్రా నడుమును కాపాడలేదు. నొప్పి ఒంట్లో ఉన్నా, దాని మూలం పనిలో, కూలిలో, తిండిలో ఉంది.