చాబీ శబ్దము, స్పానిషు భాష

వెలిమెల ప్రాంతమున తాళపుచెవిని చాబీ యనుటయుఁ గలదు. ఉర్దూ ద్వారమున వచ్చిన యీ శబ్దమునకు మూలము లాటిను 'క్లావిస్'. వాడుక లాటినునుండియే స్పానిషు, పోర్చుగీసు భాషలు పుట్టినవి. పదాదినున్న 'క్ల' స్పానిషున మాఱి నేఁడు పెక్కుచోట్ల 'యావె' యని వినఁబడును. ప్రాచీన పోర్చుగీసున చకారమై 'చావె' యయ్యెను. వకారము బకారమగుట మన లాక్షణికులకు వింత కాదు. నేఁటి పోర్చుగీసులు 'షావె' యందురు. చాబీయందు ప్రాఁతచకారమే నిలిచినది!

కస్తీల్యలోఁ బెరిగిన స్పానిషునకు 1492లో నెబ్రిహా వ్యాకరణము వ్రాసెను. ఆ యేఁటనే కొలంబసు పడమటికిఁ బయనమయ్యెను. నేఁడది 20 దేశములందు రాజభాష. అయినను మనదాఁక రాలేదు. 1494 నాటి తోర్దెసీలియాసు సంధివలన పడమర స్పెయినునకును, తూర్పు పోర్చుగలునకును దక్కెను. 1510లో గోవ పోర్చుగీసుల వశమయ్యెను. స్పానిషువారు పశ్చిమమార్గముననే వచ్చి 1571లో మనీలాను జేకొనిరి. మన మేస్త్రియు పోర్చుగీసు 'మెస్త్రె'యే; స్పానిషు 'మయెస్త్రో' దాని తోఁబుట్టువు.