నడిచి వెళ్ళేంత దూరంలో...

ఇల్లు వెతికేటప్పుడు మనం ఏమేమి అడుగుతాం? గదులెన్ని, నీళ్ళు ఎప్పుడొస్తాయి, అడ్వాన్సు ఎంత, బండి పెట్టుకోవడానికి చోటుందా అని అడుగుతాం. ఇంట్లోని పెద్దాయన ఎవరి సాయం లేకుండా మసీదుకు వెళ్ళి రాగలడా? పదేళ్ళ పిల్ల భయం లేకుండా బడికి నడిచి వెళ్ళగలదా? కొత్తిమీర కట్ట అయిపోతే ఇంటావిడ ఎవరి బండి కోసమూ ఎదురుచూడకుండా తెచ్చుకోగలదా? ఈ ప్రశ్నలు చాలామందికి తట్టవు. కానీ మొహల్లా మంచిచెడ్డలు తేలేది వీటి దగ్గరే.

కర్నూలు పాత ఊరు

కర్నూలు పాత ఊరినే చూడండి. ఒకవైపు తుంగభద్ర, మరోవైపు హంద్రీ, ఊళ్ళో కొండారెడ్డి బురుజు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ గుమ్మటాలు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరిది. డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఇక్కడ ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. ఇల్లు విడిచి దూర నగరాలకు వెళ్ళలేని పిల్లలకు సొంత ఊళ్ళోనే పైచదువు అందింది. ఆయన పేరు మీదే 2016లో ఈ ఊరికి ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది.

ఇలాంటి పాత ఊళ్ళు మోటారు బండ్లు రాకముందే పుట్టాయి. మనిషి కాళ్ళే వాటికి కొలత. అందుకే గల్లీ చివర మసీదు, మలుపులో కిరాణా కొట్టు, ఆ పక్కనే దర్జీ, మటన్ దుకాణం, చాయ్ హోటల్, రేషన్ షాపు ఉంటాయి. పొద్దున్నే తోపుడు బండి మీద కూరగాయలు గుమ్మం ముందుకే వస్తాయి. పెద్ద రోడ్డు రొద లోపలి గల్లీ దాకా రాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా గల్లీ మొత్తానికి తెలుస్తుంది. నాలుగు రోజులు కనిపించని ముసలావిడ తలుపు ఎవరో ఒకరు తడతారు.

ఊరి బయటి ఇల్లు

అలాగని పాత ఊళ్ళో కష్టాలు లేవని కాదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తాయి. అంతటి నష్టం చూసినవారు ఎత్తయిన చోట ఇల్లు కట్టుకోవాలనుకుంటే తప్పు పట్టలేం. పిల్లలు పెరిగి ఇల్లు ఇరుకైనప్పుడు ఊరి బయట ప్లాటు కొనడమూ సహజమే.

అయితే ఆ మార్పుకు ఎక్కువ మూల్యం చెల్లించేది ఎవరు? బండి ఉన్నవారికి ఇబ్బంది తెలియదు. బండి నడపలేని దాదీ, సైకిలు తొక్కే వయసు రాని పిల్లవాడు, పగలంతా ఇంట్లో ఉండే కోడలు, వీరికి ఇల్లు విశాలమై లోకం చిన్నదవుతుంది. మందు బిళ్ళ కావాలన్నా కొడుకు డ్యూటీ నుంచి రావాలి. అందుకే ప్లాటు కొనేముందు ఒకసారి ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకుని అక్కడి నుంచి మసీదుకూ, బడికీ, దవాఖానాకూ నడిచి చూడటం మంచిది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలి. కొత్త కాలనీవాసులు కలిసికట్టుగా అడగదగిన హక్కు ఇది.

దారి హక్కు

ఉన్న మొహల్లాను మనమే పాడుచేసుకుంటున్న సంగతి కూడా చెప్పుకోవాలి. గల్లీలో అడ్డంగా నిలిపిన బండ్లు, నెలల తరబడి కదలని ఇసుక కుప్పలు, దారిని మింగేసిన మెట్లు, అర్ధరాత్రి దాకా పెళ్ళి బరాత్ మోత. వీటి మధ్య చేతికర్రతో నడిచే మనిషి ఎటు పోవాలి?

దారిలో కూర్చోవద్దనీ, కూర్చోక తప్పకపోతే దారి హక్కు చెల్లించమనీ దైవప్రవక్త (స) బోధించారు. చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ప్రోత్సహించి చెడును వారించడం ఆ హక్కులో భాగాలు. దారి వెడల్పుపై తగాదా వస్తే ఏడు మూరలు వదలాలని తీర్పు చెప్పారు. అంటే సుమారు పదిన్నర అడుగులు. దారిలోని ముల్లునో రాయినో తొలగించడాన్ని ఈమాన్ శాఖల్లో ఒకటిగా లెక్కించారు.

దేశంలోని నిబంధనలూ ఇదే దారిలో ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి విధించాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం కాలిబాట మీద కనీసం 1.8 మీటర్లు అడ్డంకుల్లేకుండా ఉండాలి. అయితే మున్సిపాలిటీని అడిగేముందు మన గుమ్మం ముందు మనం వదిలిన చోటెంతో చూసుకోవాలి.

నడకలో ఆరోగ్యమూ ఉంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకో అలాంటి శ్రమో అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు నిమిషాల దూరంలోని మసీదుకు రోజుకు మూడుసార్లు చురుగ్గా నడిచి వెళ్ళివస్తే అరగంట అవుతుంది. వారంలో ఐదు రోజులు అలా చేసినా లెక్క సరిపోతుంది.

మదీనాలో బనూ సలమా తెగవారి ఇళ్ళు మసీదుకు దూరంగా ఉండేవి. వారు మసీదు దగ్గరకు మారాలనుకున్నప్పుడు ప్రవక్త (స) వారిని ఉన్నచోటే ఉండమన్నారు. వారు వేసే ప్రతి అడుగూ పుణ్యంగా నమోదవుతుందని చెప్పారు. ఆ అడుగులు వేయాలంటే దారి ఉండాలి. ఈ జుమాకు బండి ఇంట్లో వదిలి నడిచి వెళ్దాం. దారిలో ఎవరికి ఏది అడ్డమవుతోందో అప్పుడు మనకే కనిపిస్తుంది. దాన్ని తొలగించే పని మన గుమ్మం దగ్గరే మొదలుపెడదాం.