పువ్వు ఒక్కటే చాలదు: ఓషధులను ఫొటో తీసే విధానం

అరకులోయలోని పద్మాపురం ఉద్యానవనానికి వెళ్లే విశాఖవాసులలో చాలమంది సెల్‌ఫోను నిండా పువ్వుల ఫొటోలతో తిరిగివస్తున్నారు. వాటిలో కొన్ని వైద్యుని వద్దకు కూడ చేరుతాయి. "డాక్టరుగారూ, ఈ పువ్వు ఏ జబ్బుకు పనికివస్తుంది?" అన్నది ప్రశ్న. పువ్వు మాత్రం తెరనిండుగా, ముచ్చటగా ఉంటుంది. ఆకు ఉండదు, కాయ ఉండదు. అది చెట్టో, పొదో, తీగో తెలియదు. అటువంటి ఫొటోను చూచి ఓషధి పేరు చెప్పడం సాహసం. ఆ పేరును నమ్మి కషాయం కాచుకొనడం అంతకు మించిన సాహసం.

పద్మాపురం తోట వేడుక కోసం పుట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి దానిని వేశారు. 2022లో అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినప్పటికీ విశాఖవాసులకు అది నేటికీ తమ తోటే. అక్కడ అందం కోసం ఫొటో తీయడంలో దోషమేమీ లేదు. ఔషధజ్ఞానం కోసం తీయదలచినవారికి మాత్రం కెమెరా పుట్టకముందే మన తీరంలో ఒక మంచి ఒరవడి ఏర్పడి ఉన్నది.

1780వ దశకంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి మొక్కలను, చేపలను, పాములను పరిశీలించాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే మరొక వైద్యుడు కంపెనీ తోటను పెంచుతూ, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటినుండి ఎంచిన 300 చిత్రాలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795, 1820 సంవత్సరాల మధ్య మూడు సంపుటాలలో వెలువడినవి. దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెల్. ఆ చిత్రాలలో కొమ్మ, ఆకు, పూత మాత్రమే కాక పువ్వు లోపలి భాగాలను, కాయను, గింజను విడివిడిగా చూపించారు. తెలుగు పేర్లను కూడ రాక్స్‌బర్గ్ వదలలేదు. జ్వరానికి సింకోనా పట్టకు బదులుగా ఆయన సూచించిన సోమిద చెట్టుకు నేటి శాస్త్రనామం సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. మన పల్లెటూరి పేరే లాటిన్ వేషం వేసుకొన్నది!

కాయను, గింజను అంత శ్రద్ధగా ఎందుకు చూపవలెనో తెలియడానికి ముష్టిచెట్టును, చిల్లచెట్టును గమనించండి. రెండూ ఒకే జాతికి చెందినవి. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి; ఆకు మొదటినుండే మూడు నుండి అయిదు ఈనెలు చీలుతాయి. పువ్వులు చిన్నవి, తెలుపు కలిసిన లేత రంగువి. పూతకొమ్మ ఫొటోను చూచి ఇది ఫలానాదని తేల్చడం అనుభవజ్ఞునికి కూడ కష్టమే. చిల్లకాయ చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల గుండ్రని గింజ ఉంటుంది. ఇదే మన కతకం; బురదనీటి కుండ లోపలి గోడకు దీనిని అరగదీస్తే నీరు తేరుకొంటుంది. ముష్టికాయ నారింజవలె పండుతుంది. దాని గింజలు బొత్తాములవలె చదునుగా, పైన పట్టువంటి నూగుతో ఉంటాయి. అది విషముష్టి, శరీరాన్ని విల్లులా వంచి, ఊపిరి నిలిపి, ప్రాణం తీయగలదు. శోధన చేసి వాడడం వైద్యుని పని, ఇంటివైద్యంలో దానికి తావు లేదు. ఒకటి నీటిని శుభ్రపరుస్తుంది, మరొకటి చంపుతుంది. పువ్వు ఫొటోలో ఆ భేదం కనిపించదు.

కనుక ఒక మొక్కకు కనీసం అయిదు ఫొటోలు తీయవలెను. మొదటిది మొత్తం మొక్క, అది నిలిచిన నేలతో సహా. తరువాత ఆకు కాడకు అతికిన చోటు, ఆకు వెనుకవైపు, పువ్వు ముందునుండి, పక్కనుండి, చివరకు కాయ, గింజ. తోటలో కాయ కోయరాదు, రాలినదానిని తీసుకొని కోసి చూపవచ్చును. పక్కన రూపాయి బిళ్ల ఉంచితే పరిమాణం తెలుస్తుంది. విష్ణుక్రాంతను, దింటెనను రెండింటినీ శంఖపుష్పి అనే పేరుతో పిలిచేవారున్నారు. రెండూ నీలిపువ్వులే అయినా, మొదటిది నేలమీద ప్రాకే మొక్కకు పూచే చిన్న గుండ్రని పువ్వు, రెండవది తీగకు పూచే పెద్ద పువ్వు. విష్ణుక్రాంత ఉదయం విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకొంటుంది కనుక పెందలకడ వెళ్లడం మంచిది. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగు వెలిసిపోయినట్లు వస్తుంది, ఆకు నూగు కనపడదు.

ఇంత చేసినా వాసన, రుచి, స్పర్శ ఫొటోలోకి రావు. మా గురువుగారు కళ్లు మూయించి వసకొమ్మును చేతికిచ్చి పేరు చెప్పమనేవారు. ఓషధుల నామరూపాలను గొల్లలవద్ద, వనచరులవద్ద తెలుసుకొమ్మని చరకసంహిత కూడ చెబుతున్నది. సెల్‌ఫోనే పేరు చెప్పే సౌకర్యం నేడు వచ్చినది. దానిని తొలి ఊహగా తీసుకొనవచ్చును, మందుచీటీగా కాదు. తోటమాలిని అడిగి, ఆయన పలికినట్లే స్థానికనామాన్ని, తేదీతో, ఊరితో ఫొటో క్రింద వ్రాసుకొనండి. పూతనాడు తీసిన చెట్టునే కాయ పండేవేళ మరల వెళ్లి తీయవలసి ఉంటుంది.

విశాఖ నగరంలో తీసేవారికి ఒక మాట. ఓడరేవు పరిసరాలలో బొగ్గు, ఖనిజాల ధూళి ఆకులపై పేరుకొంటుంది. ఆ ఆకులను నీటితో తుడిచి ఫొటో తీయవచ్చును గాని, మందుకు మాత్రం అక్కడ కోయకండి.